చేయించినవాడి పేరు

మతశిల్పం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా మన అభ్యుదయ విమర్శకులం రెండు మాటల్లో ఏదో ఒకటి అంటూంటాం. అది పాలకవర్గం తన భావజాలాన్ని రాతిలో చెక్కించుకున్న ప్రచారం అన్నది ఒకటి. అది పేరులేని శ్రామికుడి సృష్టి, కనుక ప్రజల ఆస్తి అన్నది రెండోది. మొదటి మాట అన్నవాడికి శిల్పాన్ని చూడవలసిన పని లేదు. రెండో మాట అన్నవాడికి చరిత్ర చదవవలసిన పని లేదు. ఈ రెండూ వేర్వేరు సభల్లో నేను అన్నవే. అలా మొదటి మాట అన్న ఒక సభలో వెనక వరసలోంచి ఒక కుర్రవాడు లేచి, "చేయించినవాడి సంగతి చెప్పారు మాస్టారూ, చేసినవాడి మాటేమిటి?" అని అడిగాడు. ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

సమాధానం కోసం మన గుళ్ళ దగ్గర మొదలుపెడితే భక్తి అయినా, భక్తి మీద కోపమైనా అడ్డు వస్తుంది. నాకు ఏ బంధమూ లేని మతశిల్పాన్ని ఒకదాన్ని తీసుకుంటే చూపు తేటగా ఉంటుందనిపించింది. అలా ఐర్లండులోని ఒక రాతి సిలువ దగ్గర ఆగాను. దాన్ని నేను కళ్ళారా చూడలేదు. ఛాయాచిత్రాలూ, దాని మీద పండితులు రాసినవీ నా ఆధారాలు. మనవాళ్ళకు ఐర్లండు అంటే 1916 ఈస్టర్ తిరుగుబాటు, ఆ తిరుగుబాటులో గాయపడి నిలబడలేని స్థితిలో ఉంటే కుర్చీలో కూర్చోబెట్టి బ్రిటిషు సైన్యం కాల్చి చంపిన జేమ్స్ కానొలీ, ఆ రోజుల్లోనే డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతూ ఆ ఉద్యమం గాలి సోకి తిరిగొచ్చిన వి.వి.గిరి గుర్తొస్తారు. నేను చెప్పబోయేది అంతకు వెయ్యేళ్ళ కిందటి ఐర్లండు.

డబ్లిన్‌కు ఉత్తరంగా, డ్రోహెడా పట్టణానికి కొద్దిమైళ్ళ దూరంలో మొనాస్టర్‌బాయిస్ అనే చోటుంది. 'బుయితె మఠం' అని ఆ పేరుకు అర్థం. ఆరో శతాబ్దం తొలిరోజుల్లో చనిపోయిన బుయితె అనే సాధువు దాన్ని స్థాపించాడంటారు. ఇప్పుడక్కడ ఒక శ్మశానం, శిథిలమైన రెండు చిన్న చర్చీలు, పైభాగం విరిగిపోయిన ఎత్తయిన గుండ్రటి బురుజు, రాతి సిలువలు మిగిలాయి. ఆ సిలువల్లో ఒకటి దాదాపు ఇరవైమూడు అడుగుల ఎత్తు. నా దృష్టిని కట్టేసింది అది కాదు, దానికి తూర్పున పద్దెనిమిదడుగుల దాకా ఉన్న రెండోది. దాన్ని ముయిరెదాఖ్ సిలువ అంటారు.

సిలువ అనగానే మనకు తోచే రెండు కర్రల ఆకారం కాదిది. నిలువు స్తంభం, అడ్డచేతులు, ఆ నాలుగు భుజాలనూ కలుపుతూ ఒక రాతి వలయం, నెత్తిన చిన్న ఇంటి కప్పులాంటి శిఖరం, అడుగున వెడల్పాటి పీఠం. అంతా ఇసుకరాయి. నాలుగు ముఖాల్లో ఖాళీ జాగా అన్నది లేదు. స్తంభాన్ని ఒకదాని మీద ఒకటిగా చదరపు ఫలకాలుగా విభజించి, ప్రతి ఫలకంలోనూ బైబిలు కథ ఒకటి పెట్టారు. తూర్పుముఖాన కిందినుంచి చూస్తే ఆదాము హవ్వలు చెట్టుకింద నిలబడి ఉంటారు. అదే ఫలకంలో వాళ్ళ పక్కనే కయీను తమ్ముడు హేబెలును చంపుతూంటాడు. తొలిపాపమూ తొలిహత్యా ఒకే చట్రంలో ఇరుకుగా ఒదిగిపోయాయి. దానిమీద దావీదు గొల్యాతును కూల్చిన కథ. దానిమీద మోషే బండను కొట్టి దాహంతో ఉన్న జనానికి నీళ్ళు తెప్పించడం. దానిమీద శిశువైన యేసును చూడవచ్చిన తూర్పుదేశపు జ్ఞానులు. మనం విన్న కథలో ముగ్గురు, ఇక్కడ నలుగురు! ఆ నాలుగో మనిషి ఎవరన్నదాని మీద పండితులు చాలా సిరా ఖర్చుచేశారు. ఆపైన సిలువ నడిమధ్యన, వలయం లోపలా చేతుల మీదా పరుచుకుని తీర్పుదినం. క్రీస్తు నిలబడి ఉంటాడు. ఆయన కుడివైపు రక్షింపబడినవాళ్ళు ఆయన వైపు ముఖం తిప్పి, వీణెలూ బాకాలతో. ఎడమవైపు శిక్షపడినవాళ్ళు వీపు తిప్పి. వాళ్ళను త్రిశూలం పట్టిన దెయ్యం పశువుల మందను తోలినట్టు తోలుతూంటుంది.

పడమటిముఖాన ఇదే చోట సిలువ మీద క్రీస్తు. ఆ కిందిభాగంలో పేతురుకు తాళపుచెవులూ పౌలుకు గ్రంథమూ ఇస్తున్న క్రీస్తు, గాయంలో వేలుపెట్టి చూస్తే తప్ప నమ్మనన్న తోమా, అన్నిటికంటే కింద క్రీస్తును బంధించిన దృశ్యం. అడ్డచేతి చివర చేతులు కడుక్కుంటున్న పిలాతు. చేతి అడుగుభాగంలో, తల బాగా ఎత్తి వెతుక్కుంటే తప్ప కనిపించని చోట, దేవుడి అరచెయ్యి.

ఇక దీన్ని చేయించినవాడి సంగతి. పడమటిముఖాన స్తంభం అడుగున, చెక్కిన రెండు పిల్లుల నడుమ ఒక శాసనం ఉంది. లాటిన్‌లో కాదు, ఐరిష్ భాషలో. 'ఎవరి మూలంగా ఈ సిలువ చేయబడిందో ఆ ముయిరెదాఖ్ కోసం ఒక ప్రార్థన' అని దాని భావం. తెలుగు వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి కనుక నా కన్ను ఆ క్రియ మీద పడింది. వాక్యం కర్మణిలో ఉంది. చేసిన చెయ్యి వాక్యంలో లేదు. 'ఎవరి మూలంగా' అన్న మాట మాత్రం ఉంది. మన భాషలో ఈ పని చెయ్యడానికి ఒక్క 'ఇంచు' చాలు. చేసెను, చేయించెను. కట్టెను, కట్టించెను. మన శాసనాలు ఈ తేడాను నిజాయితీగానే పాటించాయి. అడ్డగోలుగా మాట్లాడేది మనం. కట్టించినవాణ్ణి పట్టుకుని కట్టాడంటాం. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' చదివి పెరిగిన తరం కూడా పాఠం చెప్పేటప్పుడు ఆ 'ఇంచు'ను మింగేస్తుంది. ఇందులో నేనేమీ మినహాయింపు కాదు.

ఎవరీ ముయిరెదాఖ్? తొమ్మిదో శతాబ్దంలోనూ ఆ మఠానికి ఆ పేరుగల అధిపతి ఒకడున్నాడు గాని, చాలామంది పండితులు అంగీకరించేది 923 ప్రాంతంలో చనిపోయిన ముయిరెదాఖ్ మక్ డొవ్‌నాల్‌ని. అతని మరణాన్ని నమోదు చేసిన ఐరిష్ వృత్తాంతాలు అతని పదవుల్ని వరసగా చెప్పాయి. బుయితె పీఠానికి వారసుడు. ఐర్లండు క్రైస్తవానికి పెద్దపీఠమైన ఆర్మా మఠానికి తరవాతి అధిపతి కావలసినవాడు. అంతేకాదు, దక్షిణ ప్రాంతపు ఊయ్ నేల్ రాజ్యాల్లో ఆ పెద్దపీఠానికి ప్రధాన 'మేర్'. ఈ ఆఖరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మేర్ అంటే పెద్దపీఠానికి రావలసిన కప్పాలూ కానుకలూ వసూలు చేసే అధికారి. మన పాత పాలనలో చెప్పాలంటే పేష్కారూ దివానూ కలిసిన మనిషి. తమ ప్రాంతంలో గృహస్థులకూ గురువులకూ కూడా సలహా చెప్పే పెద్ద అని కూడా ఆ వృత్తాంతాలే అతన్ని పొగిడాయి. ఇంతటి మనిషి ఒక సిలువ నిలబెట్టించి, దారినపోయేవాణ్ణి అతని భాషలోనే 'నాకోసం ఒక ప్రార్థన' అని అడుగుతున్నాడు.

ఆనాటి ఐరిష్ మఠమంటే కొండగుహలో తపస్సు చేసుకునే నలుగురు సన్యాసులని అనుకుంటే పొరపాటు. పెద్ద మఠాలు భూస్వామ్య సంస్థలు. వాటి భూముల మీద పెళ్ళాంపిల్లలతో బతికే రైతులుండేవారు. వాళ్ళు మఠానికి పన్ను కట్టేవారు, ఒళ్ళొంచి పనిచేసేవారు. మఠాధిపత్యం చాలాచోట్ల ఒకే వంశంలో తరతరాలుగా నడిచేది. మఠాలు ఒకదానితో ఒకటి యుద్ధాలు కూడా చేసుకున్నాయి. 764లో క్లాన్‌మక్‌నాయిస్ మఠానికీ డరో మఠానికీ జరిగిన యుద్ధంలో డరో వైపు 200 మంది చచ్చారని వృత్తాంతాలు రాశాయి. రెండూ సాధువులు పెట్టిన మఠాలే!

ఆ క్లాన్‌మక్‌నాయిస్‌లోనే ఇలాంటిదే మరో సిలువ ఉంది. బొమ్మలతో కిక్కిరిసి ఉంటుంది కాబట్టి దానికి 'లేఖనాల సిలువ' అని పేరు. దాన్ని వానకు అరిగిపోకుండా లోపలికి చేర్చి, బయట నకలు పెట్టారు. అరిగిన అక్షరాలను పండితులు కూడబలుక్కుని చదివిన ప్రకారం, దాని మీది శాసనం ఫ్లాన్ అనే రాజుకోసం ప్రార్థన కోరుతుంది, అతన్ని ఐర్లండు రాజంటుంది, ఆ రాజు కోసం ఈ సిలువను చేసిన కొల్మాన్ కోసం కూడా ప్రార్థన కోరుతుంది. ఇక్కడ క్రియ కర్తరిలో ఉంది. కొల్మాన్ ఆ మఠానికి అధిపతి. ముయిరెదాఖ్ 'చేయబడింది' అని తప్పుకున్నచోట ఈ అధిపతి 'చేసిన' అనిపించుకున్నాడు. మనం తరగతి గదిలో చేసే తప్పు అక్కడ రాతిమీదే ఉందన్నమాట.

ఈ ఫ్లాన్ చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. ఇతను 879 నుంచి 916 దాకా రాజు. 908లో దక్షిణాన మన్‌స్టర్ రాజు కొర్మాక్‌ను యుద్ధంలో ఓడించాడు. కొర్మాక్ బిషప్పు కూడా. తన భాషలోని పాతమాటలకు అర్థాలూ వ్యుత్పత్తులూ చెప్పే నిఘంటువు ఒకటి అతని పేరున నిలిచింది. మాటల మూలాలు వెతుక్కునే ఆ ముసలాయన్ని యుద్ధభూమిలో చంపి తల నరికారు. మరుసటి యేడు, 909లో, ఫ్లాన్ కొల్మాన్‌తో కలిసి క్లాన్‌మక్‌నాయిస్‌లో రాతిచర్చి కట్టించాడని వృత్తాంతాలు చెబుతున్నాయి. సిలువ కూడా ఆ కాలానిదే. పాపభీతి అందామా? ఉండొచ్చు. అయితే ఆ సిలువ మీద 'ఐర్లండు రాజు' అన్న బిరుదు అంత ప్రముఖంగా ఎందుకుంది? దేశంలో ఎవరూ నిర్వివాదంగా అంగీకరించని పదవి అది. దానిమీద దేవుడి ముద్ర వేయించుకోవడం ఈ రాతి అసలు పని అని నా అభిప్రాయం.

ఇంతవరకు చూస్తే నా మొదటి మాటే నెగ్గినట్టు కనిపిస్తుంది. కప్పాల అధికారి ఒకడు, బిషప్పును చంపించిన రాజు ఒకడు. ఇంకేం, పాలకవర్గ ప్రచారం అని ముద్రకొట్టి కూర్చోవచ్చు. ఈ వ్యాసం మొదటి ముసాయిదాలో నేను సరిగ్గా అదే రాశాను. బానిసల చెమటతో తడిసిన రాళ్ళు అన్న వాక్యం కూడా ఒకటి రాసుకున్నాను. ఆ వాక్యాన్ని కొట్టెయ్యవలసి వచ్చింది. ఎందుకో చెబుతాను.

మన పక్షం వాళ్ళకు ప్రాచీన ఐర్లండు మీద ఒక తీపిభ్రమ ఉంది. దానికి మూలం కానొలీయే. 1910లో వచ్చిన 'ఐర్లండు చరిత్రలో కార్మికులు' అన్న పుస్తకంలో ఆయన, ఇంగ్లీషువాళ్ళు అణిచెయ్యక ముందు ఐరిష్ తెగల్లో భూమి ఉమ్మడి ఆస్తి అన్నాడు. ఎంగెల్స్ కూడా 1869–70లో ఐర్లండు చరిత్ర రాయబూనాడు, ఐరిష్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు, కాని ఆ పుస్తకం పూర్తికాలేదు. కానొలీ ఆవేశం ఎక్కడినుంచి వచ్చిందో అర్థం చేసుకోగలం. వలసపాలకుడు నీ గతం అనాగరికమంటే, నా గతం నీ వర్తమానం కంటే న్యాయమైందని చెప్పాలనిపిస్తుంది. మన జాతీయోద్యమకాలపు రచయితలు కూడా అదే చేశారు. కాని ప్రాచీన ఐరిష్ న్యాయగ్రంథాలు వేరే మాట చెబుతున్నాయి. మనిషిని మెట్లుమెట్లుగా విడదీసి, ఒక్కో మెట్టుకు ఒక్కో పరువువిలువ కట్టాయి. ఎవణ్ణి అవమానిస్తే ఎంత చెల్లించాలో పట్టీలు రాశాయి. ఆ లెక్కకు వాళ్ళు వాడిన ప్రమాణాల్లో పాడిఆవు ఒకటి, 'కుమల్' ఒకటి. కుమల్ అంటే ఆడబానిస. భూమి విలువైనా, ప్రాణం విలువైనా ఇన్ని కుమల్‌లని చెప్పేవారు. తరవాత్తరవాత బానిసను చేతికి ఇచ్చి తీసుకోకపోయినా, లెక్కలో ఆ పేరు నిలిచిపోయింది. ఒక స్త్రీ దాస్యం ఒక సమాజానికి రూపాయి అయిందంటే, అక్కడ ఉమ్మడి స్వర్గం ఉండేదని ఎలా నమ్మడం?

అయితే అవే న్యాయగ్రంథాలు 'సేర్' గురించి కూడా చెప్పాయి. సేర్ అంటే నిర్మాణపు పనివాడు, వడ్రంగమూ రాతిపనీ తెలిసినవాడు. వాళ్ళలో పైమెట్టున ఉన్న నిపుణుడికి చిన్నపాటి ప్రభువుతో సమానమైన పరువువిలువ ఉంది. అంటే ఈ సిలువను రూపకల్పన చేసి ముఖాలు చెక్కిన పెద్దశిల్పి బానిస కాడు. పేరూ పరువూ గిరాకీ ఉన్న మనిషి. గనిలో రాయి పగలగొట్టినవాళ్ళు, దాన్ని ఈడ్చినవాళ్ళు, నిలబెట్టినవాళ్ళు వేరే. వాళ్ళలో మఠం రైతులూ బానిసలూ ఉండి ఉంటారు. 'పేరులేని శ్రామికుడు' అన్న ఒక్క మాటలో మనం ఈ ఇద్దర్నీ కలిపేసి, ఇద్దరికీ అన్యాయం చేస్తున్నాం. శిల్పి నైపుణ్యం కూలీ కష్టంగా కరిగిపోతుంది, కూలీ కష్టం శిల్పి కీర్తి వెనక దాక్కుంటుంది.

ఈ సిలువలకు 'రాతిలో ప్రవచనాలు', 'చదువురానివాడి బైబిలు' అన్న పేర్లున్నాయి. పర్యాటకులకు చెప్పడానికి ఇది బాగానే ఉంటుంది. బడిపంతులుగా నాకు దీనిమీద అనుమానం. బొమ్మ చూపిస్తే కథ దానంతటదే తెలియదు. కథ తెలిసినవాడికే బొమ్మ తెలుస్తుంది. గొల్యాతు కథ విననివాడికి ఆ ఫలకంలో కొందరు మనుషులు తప్ప ఏమీ కనిపించదు. ఇక సిలువ పైభాగాన, ఎడారిలో రొట్టె విరుచుకుంటున్న ఇద్దరు సాధువులు, పౌలు, ఆంతొని ఉన్నారు. ఈ పౌలు బైబిలు పౌలు కాదు, ఈజిప్టు ఎడారిలోని సన్యాసి. వాళ్ళ బొమ్మ నేలమీద నిలబడ్డ రైతుకు సరిగ్గా కనిపించదు, కనిపించినా అది అతనికోసం కాదు, మఠంలో ఉన్నవాళ్ళకోసం. కాబట్టి బొమ్మకూ రైతుకూ మధ్య ఒక వ్యాఖ్యాత కావలసిందే. ఆ వ్యాఖ్యాత మఠం మనిషి. చదువు లేనివాడికి చదువు చెప్పినట్టే ఉంటుంది, కాని చదివే అధికారం మాత్రం చేతులు మారదు. మనకు కొత్త సంగతేమీ కాదు.

కాని బొమ్మ చెక్కిన తరవాత దాన్ని ఎవడు ఎలా చూస్తాడన్నది వ్యాఖ్యాత చేతిలో పూర్తిగా ఉండదు. పడమటిముఖాన అడుగు ఫలకం చూడండి. మనిషి కంటికి ఎదురుగా వచ్చే ఫలకమది. నడుమ క్రీస్తు, ఇరుపక్కలా ఇద్దరు సైనికులు. క్రీస్తు పొడుగాటి అంగీ తొడుక్కుని, భుజం దగ్గర ఐరిష్ కులీనుడు పెట్టుకునే పెద్ద పిన్నుతో ఉన్నాడు. సైనికులవి పొట్టిచొక్కాలు, పొడుగాటి మీసాలు, చేతుల్లో కత్తులు. ఆ కత్తుల తీరు వైకింగులదని పరిశీలకులు అన్నారు. వైకింగుల దాడులు 795లో మొదలయ్యాయి. 841లో వాళ్ళు డబ్లిన్‌లోనే కాక, మొనాస్టర్‌బాయిస్‌కు దగ్గరలోని సముద్రతీరాన కూడా స్థావరం వేశారు. మనుషుల్ని పట్టుకుపోయి అమ్మేవారు. 902లో డబ్లిన్‌నుంచి తరిమితే 917లో మళ్ళీ వచ్చారు. సరిగ్గా ఆ సంవత్సరాల్లో ఈ శిల్పి యేసును పట్టుకున్న రోము సైనికుల్ని చెక్కవలసి వచ్చింది. రోము సైనికుణ్ణి అతను చూడలేదు. మనుషుల్ని కట్టి తీసుకుపోయేవాణ్ణి మాత్రం ఆ ప్రాంతంలో అందరూ ఎరుగుదురు. లేఖనం పాతది, కత్తి ఇవాళ్టిది. వాస్తవికత అంటే ఇదే, పేరు ఏదైనా పెట్టుకోండి.

అట్లాగే తీర్పుదినం కింద ఒక చిన్న బొమ్మ. మిఖాయేలు దూత త్రాసులో ఆత్మను తూస్తున్నాడు. త్రాసు కింద వెల్లకిలా పడుకున్న దెయ్యం తట్టను తనవైపు లాక్కోవాలని కిందినుంచి కర్రతో పొడుస్తూంది. తూకంలో మోసమన్నమాట! మఠానికి ధాన్యమూ పశువులూ కొలిచి ఇచ్చిన రైతు ఈ బొమ్మ ముందు నిలబడి ఏమనుకున్నాడో రాసిపెట్టినవాడు లేడు. నా ఊహ నేను చెబుతాను, ఊహగానే తీసుకోండి. కప్పాలు వసూలు చేసే పెద్ద తన పేరు చెక్కించుకున్న రాతి మీదనే, త్రాసు దగ్గర కాపుకాసే మోసగాడి బొమ్మ కూడా ఉంది. రైతుకు దేవదూతే కనిపించాడో, త్రాసే కనిపించిందో!

కిల్డేర్ ప్రాంతంలో మూన్ అనే చోట ఇంకో సిలువ ఉంది. అక్కడి రాయి ఇసుకరాయి కాదు, నల్లరాతిజాతి గట్టిరాయి, గ్రానైటు. ఇసుకరాయి అయితే వెంట్రుక పాయలూ అంగీ మడతలూ తీయవచ్చు. గ్రానైటు ఆ వయ్యారాలను ఒప్పుకోదు, ఉలి నొక్కితే పలుకు లేస్తుంది. కనుక ఆ శిల్పి పోరాడలేదు, రాయి చెప్పినట్టు విన్నాడు. పన్నెండుమంది అపొస్తలుల్ని మూడు వరసల్లో నిలబెట్టి, ఒక్కొక్కణ్ణీ చదరపు పలకలా చేసి, పైన పెద్ద తల, కింద రెండు పాదాలు అతికించినట్టు పెట్టాడు. పిల్లలు పలకమీద గీసిన బొమ్మల్లా ఉంటారు. ఐదువేలమందికి అన్నం పెట్టిన అద్భుతాన్ని చెక్కవలసి వస్తే జనాన్ని చెక్కలేదు, క్రీస్తును కూడా చెక్కలేదు. ఐదు గుండ్రటి రొట్టెలు, రెండు చేపలు. పక్కన పాముల్లాంటి ఈల్ చేపలు కూడా రెండు ఉన్నాయి. అవి బైబిల్లో లేవు, ఐర్లండు ఏళ్ళలో ఉన్నాయి. ఆకలి గురించిన కథలో శిల్పికి ముఖ్యమనిపించింది తిండి. ఇంత తక్కువ గీతల్లో ఇంత చెప్పిన బొమ్మను నేను మరోటి ఎరగను. వస్తువు రూపాన్ని నిర్ణయిస్తుందని మనం తరచు రాస్తూంటాం. మూన్ సిలువ దగ్గర రాయి కూడా నిర్ణయిస్తుందని కలుపుకోవాలి.

పని ఎలా జరిగిందో చెప్పే సాక్ష్యం కెల్స్ పట్టణపు చర్చి ఆవరణలో ఉంది. అక్కడొక సిలువను సగంలో వదిలేశారు. ఆకారం తీశారు, కొన్ని బొమ్మలు మొదలుపెట్టారు, మిగతా ఫలకాలు ఉబ్బుగా, నున్నగా, ఏ బొమ్మా లేకుండా అలాగే నిలిచిపోయాయి. దాన్ని చూస్తే, ముందు రాయిని మొత్తంగా సిలువగా మలిచి, బొమ్మకు కావలసిన మందం ఎత్తుగా వదిలి, తరవాత ఒక్కో ఫలకం మీద కూర్చునేవారని తెలుస్తుంది. ముయిరెదాఖ్ సిలువలో మనల్ని ముంచెత్తే కథలూ దేవదూతలూ ఇక్కడ లేవు. కొలత, మట్టం, ఉలి మాత్రం ఉన్నాయి. వెయ్యేళ్ళ కిందటి పనివాడి పక్కన నిలబడి చూసినట్టు ఉంటుంది. చిత్రమేమంటే పర్యాటకులు దీన్ని దాటుకుని పక్కనున్న పూర్తయిన సిలువల దగ్గరకే పోతారట.

తరవాతి చరిత్రను క్లుప్తంగా చెబుతాను. 1097లో మొనాస్టర్‌బాయిస్ బురుజు, అందులోని పుస్తకాలూ సంపదా కాలిపోయాయి. 1142లో దగ్గరలోనే ఫ్రాన్సునుంచి వచ్చిన సిస్టర్షన్ సన్యాసులు మెలిఫాంట్‌లో కొత్త మఠం పెట్టాక ఈ పాత మఠం క్షీణించింది. కెల్స్‌లోని మరో సిలువను 1798 తిరుగుబాటుదారుల్ని ఉరితియ్యడానికి వాడారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో, కరువు చంపిన దేశం తన ముఖం కోసం వెతుక్కుంటూ ఈ సిలువలనే జాతిచిహ్నంగా ఎత్తుకుంది. అప్పటినుంచి వాటి నకళ్ళు ప్రతి శ్మశానంలోనూ లేచాయి. వలయం ఉంది, అల్లికలున్నాయి. త్రాసు కింద దెయ్యం మాత్రం ఆ నకళ్ళలో చాలావాటికి ఎక్కలేదు. జాతిచిహ్నానికి అంత కథ అక్కర్లేదు కాబోలు.

ఇంతకూ ఆ కుర్రవాడి ప్రశ్న అలాగే ఉంది. చేసినవాడి మాటేమిటి? రాతిమీద అతని పేరు లేదు. కాని ఐరిష్ జనం నోట ఒక పేరుంది. గొబాన్ సేర్. సేర్ అంటే పైన చెప్పుకున్న ఆ పనివాడే. దేశంలో ఏ పాతకట్టడం చూపించినా అది గొబాన్ కట్టిందే అంటారు. మనవైపు ఏ గుడి చూసినా జక్కన చెక్కాడన్నట్టు. అతని కథల్లో ఒకటి ఇలా ఉంటుంది. ఒక రాజు గొబాన్‌ను దూరదేశానికి పిలిపించి కోట కట్టించుకుంటాడు. అలాంటిది ఇంకెవరికీ కట్టిపెట్టకుండా పని పూర్తికాగానే చంపెయ్యాలనుకుంటాడు. గొబాన్ అది పసిగట్టి, కోటకు ఆఖరి మెరుగు పెట్టడానికి ఒక పనిముట్టు కావాలి, అది మా ఇంట్లో ఉంది, నా భార్య రాజకుమారుడికి తప్ప ఇవ్వదు అంటాడు. ఆ పనిముట్టు పేరు 'వంకరకు వంకర'. రాజకుమారుడు వెళ్ళి ఆ పేరు చెప్పగానే ఆవిడకు సంగతి అర్థమవుతుంది. పెట్టె అడుగున ఉంది తీసుకో నాయనా అని అతన్ని వంగేట్టు చేసి, లోపలికి తోసి మూత వేసేస్తుంది. మొగుడు కూలి డబ్బుతో సహా ఇంటికి చేరాకే మూత తీస్తుంది.

రాజులు రాతిమీద రాయించుకున్నారు. జనం తమకు కావలసినవాణ్ణి కథలో పెట్టుకున్నారు, కూలి ఎగ్గొట్టాలని చూసినవాడి సంగతి కూడా ఆ కథలోనే చెప్పుకున్నారు. ఇది చరిత్ర కాదని నాకు తెలుసు. గొబాన్ అనే మనిషి ఏ సిలువనూ చెక్కినట్టు ఆధారం లేదు. కాని చేయించినవాడి శాసనమూ, చేసినవాడి కథా రెండూ ఒక దేశపు భాషలోనే మిగిలాయి. విమర్శకుడు మొదటిది చదివి రెండోది వదిలెయ్యడం ఏ పద్ధతి?

ముయిరెదాఖ్ శాసనం పక్కనున్న పిల్లుల సంగతి చెప్పకుండా వదిలేశాను. ఒకటి తన పిల్లను నాకుతూంది. రెండోది పక్షిని పట్టుకుంది. బైబిలుతో వాటికేమీ పని లేదు. మఠాధిపతి పేరు ఎంతమందికి తప్పనిసరిగా కంటపడాలో అంత కింద, అతని పేరుకు చెరోపక్క, శిల్పి వాటిని హాయిగా పడుకోబెట్టాడు. వాటి వీపులు గుండ్రంగా, బలిసి, నున్నగా ఉన్నాయి. ఛాయాచిత్రంలో కూడా తడిమి చూడాలనిపిస్తుంది.